గ్రంథి కణం నీటిని స్రవించేటప్పుడు ఉబ్బుతుందా, కుంచించుకుపోతుందా?

ప్రశ్న
నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. శరీరధర్మశాస్త్రంలో గ్రంథుల పాఠం దగ్గర నాకొక సందేహం వచ్చింది, మూడు రోజులుగా ఎంత ఆలోచించినా తేలడం లేదు. లాలాజల గ్రంథి కణం నీటినీ లవణాలనూ స్రవించే తీరును నా దగ్గరున్న పాత పాఠ్యపుస్తకం ఇలా వివరిస్తోంది. నాడీ ప్రేరణ అందగానే కణం రక్తం వైపు నుంచి క్లోరైడు అయాన్లను లోపలికి లాక్కుంటుంది. వాటి ఋణావేశానికి ఆకర్షితమై సోడియం కూడా వస్తుంది. లోపల లవణం పెరిగినందువల్ల ద్రవాభిసరణ ద్వారా నీరు చేరి కణం ఉబ్బుతుంది. ఆ పీడనానికి నాళం వైపున్న కణత్వచంలో అతి సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, నీరు, లవణాలు, ఎంజైములు అన్నీ కలిసి బయటికి కొట్టుకొస్తాయి.

చదవడానికి ఇది తేలిగ్గానే ఉంది గాని, నమ్మడానికి మనసు ఒప్పుకోవడం లేదు. కణత్వచం చిరిగితే కణం బతకదని అంతకుముందు పాఠంలోనే చదువుకున్నాం. అలాంటప్పుడు నోట్లో నీరూరిన ప్రతిసారీ లెక్కలేనన్ని కణాలు చిరిగి మళ్లీ అతుక్కుంటున్నాయని అనుకోవాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. నీరు ఎప్పుడూ లవణం వెంటే పోతుందన్నప్పుడు లాలాజలం కూడా రక్తమంత ఉప్పగా ఉండాలి కదా, మరి అది చప్పగా ఎందుకు ఉంటోంది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1
శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

మీ అనుమానం సరైనదే అమ్మా. చీలికల వివరణ ఒకప్పటి ఊహ. కణత్వచంలోని అయాన్ ఛానెళ్ల గురించి ఏమీ తెలియని కాలంలో, లోపలి నీరు బయటికి ఎలా వస్తుందో చెప్పడానికి పనికొచ్చిన ఊహ అది. తర్వాత దొరికిన సాక్ష్యం దాన్ని నిలబెట్టలేదు.

ముందు ఒక పాత ప్రయోగం చెప్పి మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విషయంలో అసలు చిక్కు ఎక్కడుందో దానివల్లే అర్థమవుతుంది. 1851లో కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల లాలాజల నాళానికి పీడనమాపకం అమర్చి, గ్రంథికి వెళ్లే నాడిని ప్రేరేపించి చూశాడు. నాళంలోని పీడనం ధమనిలోని రక్తపీడనాన్ని దాటిపోయింది. లాలాజలం కేవలం రక్తం నుంచి వడగట్టిన నీరే అయితే ఇది జరగదు, ఎందుకంటే వడపోతలో అవతలి పీడనం ఇవతలి పీడనాన్ని మించదు. తర్వాత మరొక సంగతి బయటపడింది. గ్రంథి కణానికి నాడి పంపే కబురును అడ్డుకునే అట్రోపిన్ అనే మందు ఇచ్చి అదే నాడిని ప్రేరేపిస్తే గ్రంథికి రక్తప్రసారం మామూలుగానే పెరుగుతుంది గాని, లాలాజలం మాత్రం రాదు. రక్తం ముడిసరుకును అందిస్తుంది, అది లేకపోతే స్రావం కొద్దిసేపట్లోనే ఆగిపోతుంది. కానీ నీటిని కదిలించే పని చేసేది కణమే.

అయితే ఏ కణం దగ్గరా నీటిని పట్టుకుని తోసే పంపు లేదు. కణం చేయగలిగింది అయాన్లను ఒక పక్క నుంచి మరో పక్కకు చేర్చడం ఒక్కటే. నీరు వాటి వెంట దానంతటదే పోతుంది. కాబట్టి నీరు ఎలా వస్తుందన్న ప్రశ్నను క్లోరైడు ఎలా దాటుతుందన్న ప్రశ్నగా మార్చుకోవాలి.

గ్రంథి కణాలు ద్రాక్షగుత్తిలోని పండ్లలా చేరి, మధ్యలో సన్నని కుహరాన్ని వదులుతాయి. ప్రతి కణానికీ రక్తం వైపు ఒక ముఖం, కుహరం వైపు ఒక ముఖం ఉంటాయి, ఈ రెండింటిలో ఉండే ప్రోటీన్లు వేరు. రక్తం వైపు ముఖంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. ఇది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చు చేసి 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. యెన్స్ స్కూ 1957లో వర్ణించిన ఎంజైము ఇదే, 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా దీనికే. దీని పనివల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది, అందుకని బయటి సోడియం లోపలికి రావడానికి కాచుకుని ఉంటుంది. అదే ముఖంలో ఎన్‌కేసీసీ1 అనే మరో ప్రోటీను ఉంది. అది సోడియాన్ని ఒంటరిగా రానివ్వదు. ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడులు నాలుగూ కలిసి వస్తేనే దాటిస్తుంది. అంటే సోడియం లోపలికి దిగే బలాన్ని ఆసరా చేసుకుని క్లోరైడు ఎదురెక్కి లోపలికి చేరుతోందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. కణం బయటి ద్రవంలో క్లోరైడు లీటరుకు సుమారు 110 మిల్లీమోల్‌లు, కణం లోపలి విద్యుత్ పొటెన్షియల్ సుమారు మైనస్ 60 మిల్లీవోల్టులు అనుకుందాం. క్లోరైడు ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తాను సర్దుకుంటే కణంలో దాని గాఢత 11 లేదా 12 దగ్గర ఆగాలి. కొలిచి చూస్తే అంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. ఈ అదనపు క్లోరైడు అంతా వాలు మీద ఆపి ఉంచిన బండి లాంటిది, కుహరం వైపు దారి తెరుచుకోగానే బయటికి దిగిపోతుంది.

ఆ దారిని తెరిచేది నాడి. నాడి చివర నుంచి వెలువడిన ఎసిటైల్‌కోలిన్ కణం మీది ఎం3 గ్రాహకాన్ని తాకితే, కణంలోని నిల్వల నుంచి కాల్షియం విడుదలవుతుంది. ఆ కాల్షియం కుహరం వైపున్న క్లోరైడు ఛానెల్‌ను తెరుస్తుంది. టీఎంఈఎం16ఏ అనే ప్రోటీనే ఆ ఛానెల్ అని 2008లో మూడు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. క్లోరైడు బయటికి పోగానే కుహరం ఋణావేశం పొందుతుంది. దానికి ఆకర్షితమై సోడియం, పక్కపక్క కణాలను బిగించి కలిపే టైట్ జంక్షన్ల సందుల్లోంచి కుహరంలోకి చేరుతుంది. ఇక్కడ మీ పుస్తకానికీ వాస్తవానికీ మధ్య తేడా గమనించండి. సోడియం క్లోరైడు వెంట పోతుందన్న మాట నిజమే, కానీ అది పోయేది కణంలోంచి కాదు, కణాల పక్క నుంచి. కుహరంలో సోడియం క్లోరైడు పోగయ్యాక నీరు దాని వెంట వస్తుంది.

ఎంజైముల సంగతి వేరు. అవి చిన్న సంచుల్లో నిల్వ ఉండి, ఆ సంచి పొర కణత్వచంతో కలిసిపోయినప్పుడు బయట పడతాయి. దానికి కూడా చీలిక అక్కర్లేదు.

సమాధానం 2
గ్రంథి కణాల మీద పరిశోధన చేసినవారు

అధ్యాపకులు చెప్పినదానికి తోడుగా, శీర్షికలోని ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను. కణం ఉబ్బదు, కుంచించుకుపోతుంది.

ఇది నేను కళ్లారా చూసిన విషయం. గ్రంథిని ఎంజైములతో విడదీసి, ఒక గుత్తిని గాజుపలక మీద నిలిపి, ఉప్పుద్రావణం పారిస్తూ సూక్ష్మదర్శిని కింద పెట్టేవాళ్లం. ప్రేరణ లేనప్పుడు కణాలు నిండుగా, ఒకదానికొకటి ఒరుసుకుని, అంచులు కనిపించీ కనిపించనట్టుగా ఉంటాయి. ద్రావణంలో ఎసిటైల్‌కోలిన్‌లా పనిచేసే కార్బకోల్ అనే మందు కలిపిన కొద్ది క్షణాలకే అంచులు వెనక్కి జరగడం మొదలవుతుంది, కణాల మధ్య గీతలు స్పష్టమవుతాయి, అర నిమిషం గడిచేసరికి గుత్తి మొత్తం చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ద్రావణం పాడైందేమోనని కంగారుపడి మళ్లీ తయారుచేసుకున్నాను. రెండోసారీ అదే జరిగింది. మందును కడిగేశాక కణాలు నెమ్మదిగా పూర్వపు పరిమాణానికి వచ్చాయి. కానీ ద్రావణంలో బ్యుమెటనైడ్ ఉంచితే రాలేదు, ఎందుకంటే ఆ మందు ఎన్‌కేసీసీ1ను అడ్డుకుంటుంది, క్లోరైడును మళ్లీ నింపుకునే దారి మూసుకుపోతుంది. ఒక్కొక్క కణంలో కాల్షియం పెరుగుదలనూ పరిమాణం తగ్గుదలనూ ఒకేసారి కొలిచిన ప్రయోగాలు 1989 నాటికే అచ్చయ్యాయి.

కారణం కష్టమైనదేమీ కాదు. కాల్షియం పెరిగినప్పుడు క్లోరైడు ఛానెళ్లతో పాటు రక్తం వైపున్న పొటాషియం ఛానెళ్లు కూడా తెరుచుకుంటాయి. ఒక పక్క నుంచి క్లోరైడు, మరో పక్క నుంచి పొటాషియం వెళ్లిపోతే కణంలో లవణం తగ్గి, దాని వెంట నీరు పోయి కణం చిన్నదవుతుంది. ఈ పొటాషియం ఛానెళ్ల పాత్రను చాలామంది పట్టించుకోరు గాని, అవి లేకపోతే స్రావం వెంటనే నిలిచిపోతుంది. క్లోరైడు వెళ్లేకొద్దీ కణం లోపలి ఋణావేశం తగ్గి, కాసేపటికి క్లోరైడును బయటికి తోసే బలమే మిగలదు. పొటాషియం ధనావేశాన్ని బయటికి మోసుకుపోయి ఆ బలాన్ని నిలబెడుతుంది. కణం కుంచించుకుపోవడం, లోపల క్లోరైడు తగ్గడం ఈ రెండూ ఎన్‌కేసీసీ1ను మరింత వేగంగా పనిచేయిస్తాయి. కాబట్టి పోయినదాన్ని కణం వెంటనే నింపుకుంటూ ఉంటుంది.

ఒక్క ఏటీపీతో ఎంత పని జరుగుతుందో లెక్కగడితే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. పంపు 3 సోడియం అయాన్లను బయటికి పంపుతుంది కాబట్టి, ఆ మూడూ తిరిగి ఎన్‌కేసీసీ1 ద్వారా వచ్చేటప్పుడు 3 పొటాషియం, 6 క్లోరైడు వెంట తెస్తాయి. ఆ 6 క్లోరైడులు కుహరంలోకి పోతే, వాటి వెంట 6 సోడియం అయాన్లు సందుల్లోంచి వస్తాయి. పంపు తెచ్చిన 2, ఎన్‌కేసీసీ1 తెచ్చిన 3 కలిసి 5 పొటాషియం అయాన్లు తమ ఛానెళ్లలోంచి తిరిగి రక్తం వైపు వెళ్తాయి. పంపు ప్రతి విడతలో ఒక ధనావేశాన్ని అదనంగా బయటికి పంపుతుంది కనుక, 5కు 1 కలిపితే 6 అవుతుంది, ఇది బయటికి పోయిన 6 క్లోరైడులకు సరిగ్గా సరిపోతుంది. రక్తంతో సమానమైన గాఢత గల ద్రావణంలో ఒక్కో క్లోరైడు అయానుకు సుమారు 370 నీటి అణువులు ఉంటాయి. ఆ లెక్కన ఒక్క ఏటీపీ ఖర్చుతో 2,200కు పైగా నీటి అణువులు అవతలికి చేరుతున్నాయి.

చీలికల విషయంలో మరో మాట. కణంలోని స్వేచ్ఛా కాల్షియం బయటి కాల్షియంలో దాదాపు పదివేలో వంతు. త్వచం చిరిగితే కాల్షియం వరదలా లోపలికి వస్తుంది, కణం విద్యుత్ పొటెన్షియల్ సున్నా వైపు కూలిపోతుంది. అయితే 1950లలో పిల్లి లాలాజల గ్రంథుల్లోకి సూక్ష్మ ఎలక్ట్రోడులు దింపి, నాడిని ప్రేరేపించి కొలిచినప్పుడు, ఆ పొటెన్షియల్ కూలకపోగా ఇంకా ఋణాత్మకమైంది. చిరిగిన కణంలో అలా జరగడం అసాధ్యం.

ప్రశ్న అడిగినవారి తిరుగు మాట
నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. ఆ 5కు 1 కలిపి 6 అయ్యే లెక్కను కాగితం మీద బొమ్మ వేసుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను, అప్పటికి గాని నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయితే నా రెండో సందేహం అలాగే మిగిలిపోయింది. గుత్తిలో తయారయ్యే ద్రవం రక్తమంత గాఢంగా ఉంటే, నోటికి చేరేసరికి ఉప్పు ఎక్కడికి పోతోంది? అలాగే చెమటకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందా? చెమట మాత్రం ఉప్పగానే ఉంటుంది కదా.

సమాధానం 3
శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

ఉప్పు దారిలోనే తిరిగి రక్తంలోకి చేరుతోందమ్మా. లాలాజలం రెండు అంచెల్లో తయారవుతుందని 1954లో థైసెన్, థార్న్, ష్వార్ట్స్ అనేవారు మనుషుల పెరోటిడ్ గ్రంథి (చెవి దగ్గరుండే లాలాజల గ్రంథి) ద్రవాన్ని పరీక్షించి ప్రతిపాదించారు. గుత్తిలో పుట్టే తొలి ద్రవం గాఢతలో రక్తద్రవాన్నే పోలి ఉంటుంది. అది నాళంలో ప్రయాణించేటప్పుడు నాళం గోడలోని కణాలు సోడియాన్నీ క్లోరైడునూ వెనక్కి పీల్చుకుంటాయి, కొంత పొటాషియాన్నీ బైకార్బొనేటునూ కలుపుతాయి. ఈ నాళపు గోడ నీటిని దాదాపు దాటనివ్వదు, కాబట్టి ఉప్పు వెనక్కి పోయినా నీరు అక్కడే మిగులుతుంది. మీ సందేహంలో ఉన్న చిక్కు సరిగ్గా ఇక్కడే విడిపోతుంది. లవణం వెంట నీరు పోవాలంటే నీటికి దారి ఉండాలి. గుత్తిలో ఆ దారి ఉంది, నాళంలో లేదు.

దీనికి రుజువు మీ నోట్లోనే దొరుకుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు లాలాజలం నెమ్మదిగా ఊరుతుంది, నాళానికి తీరిక ఉంటుంది, ఉప్పు దాదాపుగా పీల్చేస్తుంది. పుల్లనిది ఏదైనా నాలుక మీద పడగానే ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, పీల్చుకునే వ్యవధి చాలదు, ఆ లాలాజలంలో సోడియం గాఢత బాగా ఎక్కువగా ఉంటుంది. ప్రవాహం ఎంత పెరిగినా గాఢత రక్తద్రవం స్థాయిని దాటదు, ఎందుకంటే తొలి ద్రవానికున్న గాఢతే అంత.

చెమట కూడా ఈ పద్ధతిలోనే తయారవుతుంది. చర్మం లోతులో ముడుచుకున్న చుట్టలో రక్తంతో సమాన గాఢత గల ద్రవం పుడుతుంది, పైకి వచ్చే నాళం ఉప్పును పీల్చుకుంటుంది. చెమట ధారగా పోసినప్పుడు నాళానికి వ్యవధి చాలక ఉప్పు మిగులుతుంది. పైగా చర్మం మీద నీరు ఆవిరైపోయి ఉన్న ఉప్పు ఇంకా చిక్కబడుతుంది, అందుకే నాలుకకు అంత ఉప్పగా తగులుతుంది.

ఈ నాళం పని తప్పితే ఏమవుతుందో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు చూపిస్తుంది. ఆ జబ్బున్న పిల్లల చెమటలో ఉప్పు చాలా ఎక్కువగా ఉంటుందని 1953లో తేలింది. వాళ్ల స్వేద నాళపు గోడలోంచి క్లోరైడు దాటలేదని 1983లో పాల్ క్వింటన్ చూపాడు. క్లోరైడు దాటలేనప్పుడు సోడియం కూడా వెనక్కి పోలేదు. లోపించిన ఆ క్లోరైడు ఛానెల్ సీఎఫ్‌టీఆర్, దాని జన్యువు 1989లో దొరికింది. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్‌లు లేదా అంతకు మించి ఉంటే ఆ జబ్బును అనుమానించడం నేటికీ పద్ధతి. ఒకే ఛానెల్ ఒక గ్రంథిలో స్రావానికీ మరో గ్రంథి నాళంలో పీల్చుకోవడానికీ ఉపయోగపడుతోందన్న సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు తికమకపడుతుంటారు. ఛానెల్ దారి మాత్రమే ఇస్తుంది, అయాను ఎటు పోవాలో ఇరువైపులా ఉన్న గాఢత, విద్యుత్ బలాలు నిర్ణయిస్తాయి.

సమాధానం 4
వైద్యురాలు

చర్చ కణాల దగ్గర సాగుతోంది కనుక, మంచం పక్కన ఇది ఎలా కనిపిస్తుందో కూడా రాయాలనిపించింది. నర్సింగ్ చదివేవారికి రేపు ఇదే ఎదురవుతుంది.

కొంతకాలం క్రితం ఒక పెద్దావిడ నోరు ఎండిపోతోందని వచ్చారు. పొడి ఆహారం మింగలేకపోతున్నారు, మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అతుక్కుంటోంది, రాత్రి రెండుమూడుసార్లు లేచి నీళ్లు తాగుతున్నారు. నాలుక కింద చూస్తే మామూలుగా అక్కడ నిలిచే తడి కూడా లేదు, గాజుగుడ్డ పెట్టి తీస్తే దాదాపు పొడిగా వచ్చింది. నీళ్లు తక్కువ తాగుతున్నారని ఇంట్లోవాళ్లు ఆవిడను కోప్పడుతున్నారు. తీరా చూస్తే దురదకు ఒక మందు, నిద్రకు ఒక మందు కలిపి వాడుతున్నారు, ఆ రెండూ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను అడ్డుకునేవే. ఆవిడ ఒంట్లో నీటికి కొరత లేదు, క్లోరైడు దారి తెరిచే కబురే కణానికి అందడం లేదు. మందులు మార్చాక వారం తిరక్కముందే తడి తిరిగొచ్చింది. షోగ్రెన్ జబ్బు (శరీర రక్షణ వ్యవస్థే గ్రంథుల మీద దాడి చేసే జబ్బు) వల్ల గ్రంథి దెబ్బతిన్నవారికి మిగిలిన కణాలను ప్రేరేపించడానికి పైలోకార్పిన్ ఇస్తాం, అది అదే గ్రాహకం మీద ఎసిటైల్‌కోలిన్ చేసే పనే చేస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం కలరాలో చూస్తాం. పేగు గోడలోని గుంటల్లో ఉండే కణాలకు కూడా ఎన్‌కేసీసీ1, పంపు, క్లోరైడు ఛానెల్ ఉంటాయి, అక్కడి ఛానెల్ ప్రధానంగా సీఎఫ్‌టీఆర్, దాన్ని తెరిచేది సైక్లిక్ ఏఎంపీ అనే కణంలోపలి సంకేత అణువు. కలరా విషం ఆ సంకేతాన్ని ఆగకుండా నడిపిస్తుంది. కణం చిరగదు, చావదు, తన పనినే ఆపకుండా చేస్తుంది, రోగి గంటల్లో లీటర్ల కొద్దీ నీటిని కోల్పోతాడు. ఓఆర్ఎస్ ఈ స్రావాన్ని ఆపదన్న సంగతి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. గ్లూకోజుతో కలిసి సోడియాన్ని లోపలికి తెచ్చే మరో ప్రోటీను పేగులో చెడకుండా మిగిలి ఉంటుంది, ఆ దారిలో లవణమూ నీరూ తిరిగి రక్తంలోకి చేరతాయి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న ద్రావణంలో సోడియం, గ్లూకోజు రెండూ లీటరుకు 75 మిల్లీమోల్‌లు ఉండటానికి కారణం ఆ జత ప్రయాణమే.

సమాధానం 5
గ్రంథి కణాల మీద పరిశోధన చేసినవారు

రెండు సవరణలు చేర్చాలి. మొదటిది, నీరు కణంలోంచి వస్తుందా, కణాల సందుల్లోంచి వస్తుందా అన్నది. పీటర్ ఆగ్రే 1992లో నీటి ఛానెళ్లను నిరూపించాక, కుహరం వైపు ముఖంలో ఆక్వాపోరిన్-5 అనే నీటి ఛానెల్ ఉన్నట్టు తేలింది. దాన్ని తొలగించిన ఎలుకల్లో ప్రేరేపిత లాలాజలం 60 శాతానికి పైగా తగ్గింది, వచ్చిన కొద్దిపాటి లాలాజలం కూడా చిక్కగా, ఎక్కువ గాఢతతో ఉంది. లవణం వస్తున్నా దాని వెంట నీరు వేగంగా రాలేకపోయిందన్నమాట. కాబట్టి నీటిలో ఎక్కువ భాగం కణంలోంచే దాటుతుందని నా అభిప్రాయం, సందుల వాటా ఎంతన్నదాని మీద మాత్రం ఇప్పటికీ వాదన ఉంది.

రెండోది, క్లోరైడు కథే అన్ని గ్రంథుల కథ అనుకోకూడదు. క్లోమ నాళపు కణాలు ప్రధానంగా బైకార్బొనేటును స్రవిస్తాయి. బేలిస్, స్టార్లింగ్ 1902లో కనుగొన్న సెక్రిటిన్ హార్మోను ప్రేరేపించినప్పుడు మనుషుల క్లోమరసంలో బైకార్బొనేటు లీటరుకు 140 మిల్లీమోల్‌ల దాకా పెరుగుతుంది, అది పెరిగినంత మేరా క్లోరైడు తగ్గుతుంది. అక్కడ కూడా నీరు వచ్చేది అయాను వెంటే, అయాను మాత్రం వేరు.

ప్రశ్న అడిగినవారి తిరుగు మాట
నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక్క చిన్న విషయం అడగాలి. వచ్చే నెల పరీక్షలో ఈ ప్రశ్న వస్తే, పాత పుస్తకం చూసి దిద్దేవారు ఉంటే, చీలికల సంగతి రాయకపోయినందుకు మార్కులు పోతాయేమోనని భయంగా ఉంది.

సమాధానం 6
శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

సరైనదే రాయమ్మా. కణం బొమ్మ గీసి, రక్తం వైపు పంపు, ఎన్‌కేసీసీ1, పొటాషియం ఛానెల్, కుహరం వైపు క్లోరైడు ఛానెల్, ఆక్వాపోరిన్, పక్క సందులో సోడియం దారి గుర్తించు. దాని కింద, పొర చీలికల ద్వారా ద్రవం వస్తుందని పూర్వం భావించేవారనీ, ప్రేరణలో కణం కుంచించుకుపోతుందని కొలతల్లో తేలినందువల్ల ఆ అభిప్రాయాన్ని వదిలేశారనీ ఒక్క వాక్యం చేర్చు. నేను దిద్దే పత్రాల్లో ఆ వాక్యం కనిపిస్తే పూర్తి మార్కులు వేస్తాను.